పువ్వుగా రాలే పండు: బిలాస్‌పూర్ ఇప్ప చరిత్ర

ఐరోపా, అమెరికా దేశాల్లో స్ట్రాబెర్రీ కాలం వచ్చిందంటే కుటుంబాలు బుట్టలు పట్టుకుని తోటలకు బయలుదేరతాయి. పెద్దలూ పిల్లలూ కలిసి పళ్లు కోస్తారు. కొన్ని అక్కడే తింటారు. మిగిలినవి ఇంటికి తెచ్చి జామ్ చేసి సీసాల్లో నింపుకుంటారు. మొక్క నుంచి తెంపిన స్ట్రాబెర్రీ ఎక్కువ రోజులు నిలవదు. అందువల్ల కోత, వంట, నిలవ అన్నీ వెంటవెంటనే జరిగిపోవాలి. దానికి ఇంటిల్లిపాదీ కావాలి.

మన దేశంలో ఇటువంటి పని ఏదైనా ఉందా అని మీరు అడగవచ్చు. ఉంది. అది స్ట్రాబెర్రీ తోటల కంటే ఎంతో పాతది. ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్ చుట్టుపక్కల గ్రామాల్లో ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఇంకా చీకటి విడవక ముందే, తల్లులూ తండ్రులూ పిల్లలూ గంపలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. వారు ఏరేది పండు కాదు, పువ్వు. హిందీలో, ఛత్తీస్‌గఢీలో మహువా అంటారు. మన తెలుగులో ఇప్ప, కొన్ని చోట్ల విప్ప. తెలంగాణలోని ఇప్పగూడెం, ఇప్పలపల్లి వంటి ఊరి పేర్లు ఈ చెట్టుతో మనవారికి ఉన్న పాత అనుబంధాన్ని చెబుతాయి.

ఇప్ప పేరు వినగానే చాలామందికి సారా గుర్తుకు వస్తుంది. చట్టాలు చేసినవారికీ ఒకప్పుడు అదే గుర్తుకు వచ్చింది. కాని ఏరుకునే కుటుంబానికి అది ముందుగా తిండి. ఒకే పువ్వును ఇల్లు ఒక విధంగా, ప్రభుత్వం మరొక విధంగా చూడడం వల్ల నూరేళ్లకు పైగా ఏం జరిగిందో చెప్పేదే ఈ చరిత్ర.

పండు కాని పండు

స్ట్రాబెర్రీకీ ఇప్ప పువ్వుకీ ఒక విచిత్రమైన పోలిక ఉంది. స్ట్రాబెర్రీలో మనం తినే ఎర్రటి గుజ్జు వృక్షశాస్త్రం ప్రకారం పండు కాదు. పువ్వు అడుగున ఉండే పుష్పాసనం ఉబ్బి గుజ్జుగా మారుతుంది. దాని మీద గింజల్లా కనిపించే చిన్న చిన్న పలుకులే అసలు ఫలాలు. ఇప్పలో మనం తినేది కూడా పండు కాదు. అది ఆకర్షణ పత్రావళి, అంటే పూరేకులన్నీ కలిసి ఏర్పడిన గొట్టం. మల్లెలోనో మందారంలోనో పూరేకులు పలచగా ఉంటాయి. ఇప్పలో మాత్రం దళసరిగా, రసంతో, లేత మీగడ రంగులో చిన్న ద్రాక్షపండులా ఉంటాయి. దానిలో నిండా చక్కెరలే.

ఇప్ప సపోటా కుటుంబానికి చెందిన చెట్టు. శాస్త్రీయ నామం మధూకా లాంగిఫోలియా. మధూకా అన్నది మన సంస్కృత పదమే. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఈ చెట్టు ఆకులు రాల్చుకుంటుంది. బోడిగా మారిన కొమ్మల చివర మొగ్గలు గుత్తులుగా వస్తాయి. పువ్వు రాత్రి విచ్చుకుంటుంది. ముందుగా కీలాగ్రం బయటికి వస్తుంది, పుప్పొడి తరువాత విడుదలవుతుంది. అందువల్ల పరపరాగ సంపర్కానికి అవకాశం ఎక్కువ. చీకట్లో ఘాటైన వాసన పట్టుకుని గబ్బిలాలు వస్తాయి. తియ్యటి పూగొట్టాన్ని తింటూ ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు పుప్పొడిని చేరవేస్తాయి. ఆకులు లేకపోవడం వల్ల గబ్బిలాలు కొమ్మల మధ్యకు సులువుగా రాగలుగుతాయి.

తెల్లవారే సరికి పువ్వు పని అయిపోతుంది. పూగొట్టం కేసరాలతో సహా ఊడి నేల రాలుతుంది. అండాశయం మాత్రం చెట్టు మీదే, రక్షక పత్రాల మధ్య నిలిచి ఉంటుంది. ఆ అండాశయమే మరో రెండు మూడు నెలలకు కాయ అవుతుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. మామిడి పూత రాలితే ఆ మేరకు కాయ తగ్గుతుంది. ఇప్ప పువ్వు రాలితే కాయకు నష్టం లేదు. ఒకే పువ్వు రెండు పంటలు ఇస్తుంది. వేసవి మొదట్లో పువ్వు, వానలు పడే ముందు గింజ.

తెల్లవారుజాము పని

రాలిన పువ్వును చెట్టు కింద వదిలేయడం కుదరదు. ఆలస్యమైతే పశువులు, జింకలు, ఎలుగుబంట్లు తినేస్తాయి. ఎండ ముదిరితే పువ్వు నేలకు అతుక్కుని వాడిపోతుంది. తాజా పువ్వు బరువులో మూడు వంతులకు పైగా నీరే కనుక, గాలిలోని ఈస్టు పడి ఒకటి రెండు రోజుల్లోనే పులియడం మొదలవుతుంది. అందుచేత ఏ రోజు పువ్వు ఆ రోజే ఏరి, ఆ రోజే ఎండబెట్టాలి.

ఒక చెట్టు రెండు మూడు వారాల పాటు రోజూ పువ్వు రాలుస్తుంది. చెట్లన్నీ ఒకేసారి పూయవు. ఒకటి ముందు, మరొకటి వెనుక. పెద్ద చెట్టు ఒక్క ఋతువులో క్వింటాలు దాకా పచ్చి పువ్వు ఇస్తుంది. ఒక్కొక్క పువ్వునూ వంగి చేత్తో ఏరాలి. దీనికి బలం కంటే ఓపిక ఎక్కువ కావాలి. ముసలివారు, పిల్లలు కూడా ఏరగలరు. కనుకనే ఇది కుటుంబం మొత్తం చేసే పని అయింది. ఆ నెలల్లో అడవి పక్క గ్రామాల బడులలో హాజరు పలచబడడానికి కూడా ఇదే కారణం.

అడవిలో చెట్టు ఎవరిది? గోండు, కన్వర్, బైగా వంటి ఆదివాసుల గ్రామాల్లో దీనికి రాయని కట్టుబాట్లు ఉన్నాయి. ఏ చెట్టు కింద ఏ కుటుంబం ఏరుకోవాలో ఊరందరికీ తెలుసు. తండ్రి ఏరిన చెట్టు కొడుకులకు వస్తుంది. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలంతో పాటు ఇప్ప చెట్లనూ పంచుకుంటారు. పొలం కోసం అడవి నరికినప్పుడు కూడా ఇప్పను వదిలేసేవారు. ఇప్పటికీ ఛత్తీస్‌గఢ్ వరి పొలాల గట్ల మీద పెద్ద పెద్ద ఇప్ప చెట్లు కనిపించడానికి ఇదే కారణం.

ఇంట్లో ఇప్ప

ఏరి తెచ్చిన పువ్వును పేడతో అలికిన వాకిట్లో పలచగా పరుస్తారు. ఎండ బాగా కాస్తే కొద్ది రోజుల్లో పువ్వు గోధుమ రంగుకు తిరిగి ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. బరువు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. నీరు పోయింది కనుక సూక్ష్మజీవులు పెరగలేవు. ఎండిన పువ్వులో సగానికి మించి చక్కెరలే ఉంటాయి. స్ట్రాబెర్రీ జామ్‌లో మనం చక్కెర పోసి సాధించే ఫలితాన్ని ఇక్కడ ఎండ ఒక్కటే సాధిస్తుంది. రెండింటిలోనూ సూత్రం ఒకటే. సూక్ష్మజీవులకు నీరు అందకుండా చేయడం.

ఎండిన పువ్వును కుండల్లో, గాదెల్లో దాచి ఏడాది పొడుగునా వాడుకుంటారు. నానబెట్టి ఉడికించి తింటారు. వేయించిన నువ్వులతో కలిపి రోట్లో దంచి ఉండలు చేస్తారు. దీనిని లాటా అంటారు. పిండిలో కలిపి రొట్టెలు కాలుస్తారు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, వాటితో కలిపి ఉడికించడం కూడా ఉంది. అలసిన ఎద్దులకు, ఈనిన ఆవులకు దాణాగా పెడతారు. బెల్లం కొనలేని ఇంట్లో తీపి అంటే ఇప్పే.

ఛత్తీస్‌గఢ్ తల్లులు తమ పిల్లల క్షేమం కోరి కమర్‌ఛట్ అనే వ్రతం చేస్తారు. మన పంచాంగం ప్రకారం అది శ్రావణ బహుళ షష్ఠి. ఆ రోజు నాగలి దున్నిన నేలలో పండినదేదీ తినరు. నీటి గుంటల్లో దానంతట అదే మొలిచే పసహర్ బియ్యం, పెరటి ఆకుకూరలు, గేదె పెరుగు, వాటితో పాటు ఇప్ప పువ్వు. వ్యవసాయానికి ముందు మనిషి ఏం తిని బతికాడో ఏటా ఒకసారి గుర్తు చేసే వ్రతం ఇది అనిపిస్తుంది.

పువ్వు అయిపోయాక గింజ వస్తుంది. దీనిని బిలాస్‌పూర్ ప్రాంతంలో డోరీ అంటారు. గింజ పగలగొట్టి, పప్పు ఎండబెట్టి, గానుగ ఆడిస్తే నూనె వస్తుంది. చలికాలంలో ఇది వెన్నలా గడ్డకడుతుంది. వంటకు, దీపానికి, ఒంటికి రాసుకోవడానికి, సబ్బుల తయారీకి పనికివస్తుంది. మిగిలిన చెక్కలో సాపోనిన్ అనే నురగ పుట్టించే పదార్థం ఉంటుంది. అది చేపలకు విషం. అందువల్ల ఆ చెక్కను పశువులకు పెట్టక ఎరువుగా వాడతారు.

ఇక సారా. పులిసిన పువ్వును కాచి దింపే సారా ఆదివాసుల పెళ్లిలో, చావులో, దేవుడి కొలువులో ఉంటుంది. అది లేదని చెప్పడం అబద్ధం. అదొక్కటే ఉందని చెప్పడం అంతకంటే పెద్ద అబద్ధం.

శాస్త్రజ్ఞుల దృష్టికి

ఈ చెట్టు గురించి మన ప్రాచీన వైద్య గ్రంథాలకు తెలుసు. చరక సంహితలో మధూక పుష్పాల ప్రస్తావన ఉంది. ఆధునిక శాస్త్రం దీనిని నమోదు చేసిన కథలో తెలుగు తీరానికీ భాగం ఉంది.

లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ తరంగంబాడికి వైద్యుడిగా వచ్చి దక్షిణ భారత వృక్షాలను సేకరించాడు. 1771లో లిన్నేయస్ గ్రంథంలో ప్రకటితమైన బాసియా లాంగిఫోలియా అనే పేరు కోనిగ్ పెట్టినదే. ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండో బాసీ గౌరవార్థం ఆ ప్రజాతికి బాసియా అని పేరు వచ్చింది. కోనిగ్ 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో మరణించాడు. ఆయన తరువాత ఆ పనిని కొనసాగించినవాడు విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన తయారుచేసిన బొమ్మల గ్రంథం మొదటి సంపుటం 1795లో వెలువడింది. ఉత్తర, మధ్య భారతాల్లో పెరిగే వెడల్పాటి ఆకుల ఇప్పను ఆయన అందులో బాసియా లాటిఫోలియాగా వర్ణించాడు. ఆ గ్రంథంలో మొక్కలకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. ప్రస్తుతం వాడుకలో ఉన్న మధూకా లాంగిఫోలియా అన్న నామం 1918లో స్థిరపడింది. రాక్స్‌బర్గ్ వర్ణించిన చెట్టును ఇప్పుడు ఎక్కువమంది అందులోని ఒక రకంగా భావిస్తున్నారు.

ఈలోగా 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ ఏర్పడింది. దాని పరిశోధన పత్రిక మొదటి సంపుటంలోనే, 1788లో, చార్లెస్ హామిల్టన్ అనే సైనికాధికారి మహువా చెట్టుపై వ్యాసం రాశాడు. పువ్వును ప్రజలు ఎలా తింటారో, గింజ నుంచి నూనె ఎలా తీస్తారో అందులో ఉంది. ఆ తొలి రోజుల్లో విదేశీయుల కంటికి కూడా ఇప్ప ముందుగా ఉపయోగకరమైన వృక్షంగానే కనిపించిందన్న మాట.

రైలు, కరువు

బిలాస్‌పూర్ జిల్లా 1861లో ఏర్పడింది. అర్పా నది ఒడ్డున ఉన్న ఈ చిన్న పట్టణం స్వరూపాన్ని మార్చినది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాగ్‌పూర్ నుంచి ఆసన్‌సోల్ వైపు మార్గం వేసింది. ఆ మార్గం బిలాస్‌పూర్ మీదుగా 1891 నాటికి పూర్తయింది. కట్నీ వైపు మరో శాఖ ఇక్కడే చీలింది. 1902లో విశాఖపట్నం వైపు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పుతీర మార్గపు ఉత్తర భాగం కూడా ఇదే రైల్వే చేతికి వచ్చింది. దానితో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ప్రజలకు ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి దూర పట్టణాల్లో రైల్వే కొలువుల దారి తెరుచుకుంది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక ప్రయాణం మరింత దగ్గరయింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తరతరాలుగా తెలుగు కుటుంబాలు ఉండడానికి కారణం ఈ చరిత్రే. 2003 నుంచి ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం.

ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారికి ఇప్ప కొత్త కాదు. వారి మన్యంలోనూ ఇదే చెట్టు, ఇదే పువ్వు. బజారులో మహువా అని అమ్మేది తమ ఇప్పేనని వారికి చూడగానే తెలిసేది.

రైలు ఉద్యోగాలనే కాదు, వ్యాపారాన్ని కూడా తెచ్చింది. ఛత్తీస్‌గఢ్ వరి పండే మైదానం. రైలుకు ముందు మిగులు ధాన్యాన్ని బయటికి పంపడం కష్టం కనుక ఇళ్లలో, గాదెల్లో నిలవ ఉండేది. రైలు వచ్చాక ధాన్యం మంచి ధరకు దూర ప్రాంతాలకు తరలింది. నిలవలు తగ్గాయి. అంతలో వానలు మొహం చాటేశాయి. 1896–97లోనూ, మళ్లీ 1899–1900లోనూ నాటి సెంట్రల్ ప్రావిన్సెస్ అంతటా భయంకరమైన కరువు వచ్చింది. తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో బిలాస్‌పూర్ ఒకటి. 1891, 1901 జనాభా లెక్కల మధ్య ఈ జిల్లా జనాభా పెరగకపోగా తగ్గింది. రైలు ధాన్యాన్ని తీసుకుపోయినట్టే కరువు రోజుల్లో తిరిగి తేగలిగింది కూడా. కాని కొనడానికి చేతిలో డబ్బు లేనివారికి ఆ ధాన్యం వల్ల ఏం లాభం?

అటువంటి రోజుల్లో ఇప్ప విలువ తెలిసింది. వరికి వేర్లు పైపైనే ఉంటాయి. ఒక్క వాన తప్పితే పైరు ఎండుతుంది. ఇప్ప వేర్లు లోతుగా దిగి ఉంటాయి. చెట్టులో ముందటి కాలపు ఆహార నిలవలు ఉంటాయి. కనుక వాన తక్కువైన ఏడు కూడా అది ఎంతో కొంత పూస్తుంది. అదీ మార్చి, ఏప్రిల్ నెలల్లో, పాత ధాన్యం అయిపోయి కొత్త పంటకు ఇంకా ఆరు నెలలు ఉన్న సమయంలో. నాటి ప్రభుత్వ నివేదికలు కూడా ఇప్ప పువ్వును కరువు కాలపు ఆహారంగా గుర్తించాయి. పూతకాలంలో మబ్బులు కమ్మినా, వడగళ్లు పడినా నష్టం తప్పదు. అయినా వరి మీద ఒక్కటే ఆధారపడిన ఇంటికీ, వరితో పాటు పది ఇప్ప చెట్లున్న ఇంటికీ కరువులో తేడా ఉండేది.

చట్టం కంటికి సారా

ప్రజల ప్రాణాలు నిలిపే ఈ తిండిని ప్రభుత్వం మరో కంటితో చూసింది. సారా మీద వచ్చే ఆబ్కారీ పన్ను బ్రిటిష్ ప్రభుత్వానికి పెద్ద రాబడి. లైసెన్సు పొందిన బట్టీలలోనే సారా తయారు కావాలి, దానిపై సుంకం చెల్లాలి. కాని ఇప్ప పువ్వు ప్రతి ఇంట్లో ఉంటే ఇంట్లో కాచుకునే సారాను ఆపడం ఎలా? పన్ను ఎగవేతను ఆపాలంటే పువ్వునే ఆపాలన్న ఆలోచన పుట్టింది.

1892లో బొంబాయి ప్రభుత్వం మౌరా చట్టం చేసింది. మౌరా అన్నది మహువాకే మరో ఉచ్చారణ. థానా, కొలాబా జిల్లాల్లో ఈ పువ్వును సేకరించడం, నిలవ ఉంచుకోవడం, అమ్మడం మీద ఆంక్షలు వచ్చాయి. ఇది పేదల తిండి, పశువుల మేత అన్న అభ్యంతరాలు చట్టాన్ని ఆపలేకపోయాయి. వాకిట్లో ఎండబెట్టుకున్న తిండి ఒక్కసారిగా నేరానికి సాక్ష్యంగా మారింది.

ఈ చట్టం బిలాస్‌పూర్‌కు వర్తించలేదు. కాని 1927 భారత అటవీ చట్టం మరొక ముడి వేసింది. అటవీ ఉత్పత్తి అంటే ఏమిటో ఆ చట్టం రెండో సెక్షన్ నిర్వచిస్తుంది. కలప, బొగ్గు, లక్క, కరక్కాయలతో పాటు ఇప్ప పువ్వు, ఇప్ప గింజ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఇవి అడవిలో దొరికినా, మరెక్కడ దొరికినా అటవీ ఉత్పత్తులే అని చట్టం అంటుంది. అంటే తాత నాటిన పెరటి చెట్టు పువ్వు కూడా చట్టం దృష్టిలో అటవీ ఉత్పత్తే. రవాణాను నియంత్రించే అధికారం దీని వెంట వచ్చింది.

ఫలితం అంగడిలో కనిపించింది. నిలవ ఉంచుకోవడానికీ, దూరం తీసుకుపోవడానికీ జంకే కుటుంబం ఎండిన పువ్వును కోతకాలంలోనే దగ్గరి సంతలో చవకగా అమ్ముకునేది. కొన్నిచోట్ల ఉప్పుకు బదులుగా ఇచ్చేది. గిడ్డంగి ఉన్న వ్యాపారి కొని దాచేవాడు. వానాకాలంలో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు అదే కుటుంబం అదే పువ్వును ఎక్కువ ధరకు తిరిగి కొనుక్కునేది. ఏరినవారి కంటే దాచగలిగినవారికి లాభం ఎక్కువయింది.

ప్రయోగశాలలో, ఓడల్లో

పువ్వులో చక్కెర ఇంత ఉందంటే పరిశ్రమల దృష్టి పడకుండా ఉండదు. 19వ శతాబ్దం చివరి భాగంలో ద్రాక్షతోటలు ఫిలాక్సెరా అనే పురుగు వాత పడి ఫ్రాన్స్‌లో సారాయి ముడిసరుకుకు కొరత వచ్చింది. ఆ కాలంలో బొంబాయి రేవు నుంచి ఎండు ఇప్ప పువ్వు ఫ్రాన్స్ బట్టీలకు వెళ్లింది.

ఆ తరువాత బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఈ పువ్వును చేపట్టింది. అక్కడ జీవరసాయన శాస్త్ర విభాగాన్ని నడిపిన గిల్బర్ట్ ఫౌలర్ మురుగునీటి శుద్ధి పరిశోధనలతో పేరు పొందినవాడు. ఆయన, ఆయన సహచరులు ఇప్ప పువ్వు జీవరసాయన, ఆర్థిక ప్రయోజనాలపై చేసిన అధ్యయనం 1920లో ఆ సంస్థ పత్రికలో వెలువడింది. పువ్వు ఏ దశలో ఎంత చక్కెరను కూడబెట్టుకుంటుంది, దాని నుంచి ఆల్కహాలు, ఎసిటోన్ వంటివి ఎలా పొందవచ్చు అన్నవి నాటి శాస్త్రజ్ఞులను ఆకర్షించిన ప్రశ్నలు. అవి మంచి ప్రశ్నలే. కాని ఆ పువ్వును వంటింట్లో ఎలా శుభ్రంగా దాచుకోవాలి, పిల్లలకు పోషకాహారంగా ఎలా వాడాలి అన్న ప్రశ్నలకు అంతటి శ్రద్ధ దక్కడానికి చాలా కాలం పట్టింది.

తిరిగి వచ్చిన హక్కు

స్వాతంత్ర్యం తరువాత కూడా పాత చట్టాల నీడ చాలా కాలం నిలిచింది. 1996లో షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై గ్రామసభలకు యాజమాన్యాన్ని గుర్తించింది. 2006 అటవీ హక్కుల చట్టం మరో అడుగు వేసింది. సంప్రదాయంగా ఏరుకునే చిన్న తరహా అటవీ ఉత్పత్తులను సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు అడవిలో నివసించేవారిదేనని అది చెప్పింది. షెడ్యూల్డ్ తెగలవారు తమ ఇంటి అవసరానికి పరిమితంగా ఇప్పసారా కాచుకోవడానికి ఛత్తీస్‌గఢ్‌లో మినహాయింపు ఉంది.

ధర విషయంలోనూ మార్పు వచ్చింది. 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2020లో ఎండిన ఇప్ప పువ్వును కిలోకు 30 రూపాయల చొప్పున కొన్నది. 2021 జూన్‌లో కోర్బా అడవుల ఇప్ప పువ్వు ఓడ ఎక్కి ఫ్రాన్స్‌కు వెళ్లింది. కోర్బా 1998 దాకా బిలాస్‌పూర్ జిల్లాలో భాగమే. ఒకప్పుడు బట్టీల కోసం ఫ్రాన్స్ చేరిన పువ్వు ఈసారి ఎండబెట్టిన అటవీ ఉత్పత్తిగా, దేశం పేరుతో వెళ్లింది. తెలంగాణలో ఉట్నూరు ప్రాంతపు ఆదివాసీ మహిళలు ఇప్ప పువ్వుతో లడ్డూలు తయారుచేస్తున్నారు. ఆ లడ్డూకీ, ఛత్తీస్‌గఢ్ ఇంటి లాటాకీ తేడా పొట్లంలోనే ఉంది.

నేల మీద పడని పువ్వు

తిండిగా అమ్మాలంటే శుభ్రత కావాలి. మట్టిలో రాలిన పువ్వుకు ఇసుక అంటుకుంటుంది, బూజు తొందరగా పడుతుంది. దీనికి చెప్పిన ఉపాయం చాలా సులువైనది. చెట్టు కింద నాలుగు గుంజలు పాతి, నేలకు కొంత ఎత్తులో వల కట్టడం. పువ్వు వల మీద రాలుతుంది. ఇసుక ఉండదు, నడుము వంచే శ్రమ తగ్గుతుంది, తెల్లవారుజామున పిల్లలను లేపి తీసుకుపోయే అవసరమూ తగ్గుతుంది.

వల వల్ల మరో పెద్ద మేలు ఉంది. ఇప్ప పూసే కాలం ఆకులు రాలే కాలం కూడా. ఎండుటాకుల మధ్య పువ్వు కనిపించదు. కనుక ఏరేవారు ముందుగా చెట్టు కింద ఆకులను ఊడ్చి నిప్పు పెడతారు. ఆ నిప్పు ఒక్కొక్కసారి గాలికి రేగి అడవికి అంటుకుంటుంది. వేసవిలో మధ్య భారత అడవుల్లో మంటలకు ఇది ఒక ముఖ్య కారణం. ఆ మంటలో మాడిపోయేది గడ్డి మాత్రమే కాదు. చెట్టు కింద మొలిచిన ఇప్ప మొక్కలు కూడా. దానికి తోడు గింజలన్నీ నూనె కోసం ఏరేస్తారు, మిగిలిన మొలకలను పశువులు మేస్తాయి. ఫలితంగా చాలాచోట్ల తాతల నాటి పెద్ద చెట్లే తప్ప లేత చెట్లు కనిపించవు.

ఇది చిన్న విషయం కాదు. స్ట్రాబెర్రీ మొక్కను ఈ ఏడు నాటితే ఈ ఏడే కాస్తుంది. ఇటీవల ఉత్తర ఛత్తీస్‌గఢ్‌లోని జశ్‌పూర్, అంబికాపూర్ ప్రాంతాల రైతులు కూడా దానిని పండించడం మొదలుపెట్టారు. చిలీ నుంచి 1714లో ఫ్రాన్స్ చేరిన ఒక జాతి, ఉత్తర అమెరికా నుంచి వచ్చిన మరో జాతి అక్కడి తోటల్లో కలవడం వల్ల పుట్టిన సంకర మొక్క అది. అందువల్ల దాని వయసు మూడు వందల ఏళ్లు కూడా లేదు. ఇప్ప అలా కాదు. నాటిన పిల్లవాడు యువకుడయ్యే వేళకు గాని అది సరిగా పూత పట్టదు. ఒకసారి పట్టిందంటే ఎన్నో తరాలకు తిండి పెడుతుంది. ఈ రోజు చెట్లు నాటకపోతే కలిగే లోటు ఈ రోజు కనిపించదు. ముసలి చెట్లు ఒక్కొక్కటిగా కూలే నాటికి కనిపిస్తుంది.

చట్టం ఇప్పుడు పువ్వు ఏరుకునే హక్కును కుటుంబానికి ఇచ్చింది. ఆ హక్కు నిలవాలంటే ఏరుకోవడానికి చెట్టు ఉండాలి. ప్రతి పెద్ద చెట్టుకు తోడుగా ఒక లేత మొక్కకు కంచె కట్టడం, కొన్ని గింజలను నేలకు వదలడం, నిప్పుకు బదులు వల వాడడం కష్టమైన పనులు కావు. రాత్రంతా గబ్బిలాలకు, తెల్లవారుజామున మనుషులకు, ఆపైన పశువులకు పంచిపెట్టే చెట్టు అది. తన వంతు అది చేస్తూనే ఉంది.